తేరు ముందర కాలేజీ దండోరా

ఇట్లా రాండి, ఇంకొంచెం దగ్గరికి. ఆ గోడకు ఆనుకొని కూచుంటే సగం మాటలు గాలికి పోతాయి. మన ఆదోనికి కాలేజీ వచ్చిన కొత్తల్లో, ఒక ఆడపిల్ల ఎమ్మిగనూరు తేరు ముందర నిలబడి దండోరా వేసిన కథ ఇది. చెవులు ఇట్లా పెట్టి వినండి.

ఆ పిల్ల పేరు దేవకి. ఊరు ఎమ్మిగనూరు. వాళ్ల నాయన భీమసేనరావు ఆ ఊళ్లోనే బడిపంతులు. మంచి మనిషే, పిల్లోళ్ల మీద చెయ్యెత్తి ఎరగడు. కానీ నలుగురి నోట్లో పడడమంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్టు ఉండె. దేవకి ఎస్సెల్సీ పాసయ్యేటప్పటికి ఆదోనిలో కొత్తగా కాలేజీ పెట్టినారు. ఆ పిల్ల అన్నం మానేసి కూచుంటే, మూడో పూటకు ఆయన మెత్తబడినాడు. మీ మేనత్త ఇంట్లో ఉండి చదువుకో, కానీ నువ్వు కాలేజీకి పోతాండావని వీధిలో కుక్కకు కూడా తెలియకూడదు అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆదోని కాలేజీ ఉన్నన్నాళ్లే నీ చదువు, అది మూతపడితే అనంతపురమనీ మదరాసనీ అనకుండా ఇంటికి వచ్చేయాల అని.

ఆ పిల్ల అన్నిటికీ తల ఊపింది. కోట కింద మేనత్త భీమాబాయి ఇంట్లో దిగింది. కాలేజీ మొత్తానికి ఆడపిల్ల తనొక్కతే.

కాలేజీ అంటే ఇప్పట్లా పెద్ద గేటూ, చెట్లూ అనుకునేరు. ఆ కాలేజీకి ఇల్లే లేదు. పత్తి జిన్నింగు మిల్లు వాళ్లు ఒక పాత గోడౌను ఇచ్చినారు. కెమిస్ట్రీ ఏమో బజార్లో బట్టలంగడి మిద్దె మీద. లెక్కలు సత్రంలో. హాస్టలు రైలు స్టేషను కాడ ఒక సావుకారి పాత ఇంట్లో. పత్తి బండ్లు ఎక్కువ వచ్చిన రోజు గోడౌను ఖాళీ ఉండదు, పెళ్లివాళ్లు దిగిన రోజు సత్రం ఖాళీ ఉండదు. ఏ పాఠం యాడ జరుగుతాదో పొద్దున లేస్తే గానీ ప్రిన్సిపాలుకే తెలియదు. ప్రిన్సిపాలు సేతుమాధవరావు అని, సన్నగా, ఎప్పుడూ పరుగు మీద ఉండే మనిషి. ఆయన బాగా ఆలోచన చేసి, ఊళ్లో దండోరా వేసే గిడ్డయ్యను పిలిపించినాడు.

మొదటి రోజు గిడ్డయ్య మామూలు దరువే వేసినాడు, మునిసిపాలిటీ దరువు. హాస్టలు పిల్లోళ్లు ఆ చప్పుడు వింటానే కలరా సూదులు వేసేదానికి వచ్చినారనుకొని వెనక గోడ దూకి పారిపోయినారు. ఆ పొద్దు పాఠం చెప్పేవాళ్లే గానీ వినేవాళ్లు లేరు. అప్పుడు గిడ్డయ్య తప్పెటను మంట మీద కాచుకొని, సాయంత్రం దాకా కొట్టి కొట్టి, ఎవురూ ఎరగని కొత్త దరువు ఒకటి కట్టినాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక ఆపు, మళ్లీ గుర్రం పరిగెత్తినట్టు ఒక వరస. అదీ కాలేజీ దరువు.

ఆ పొద్దు నుంచి రోజూ తెల్లారితే ఊరంతా అదే. "వినండహో! ఈ పొద్దు కెమిస్ట్రీ మిద్దె మీద లేదు, గోడౌన్లోనహో! లెక్కల అయ్యవారికి జొరం, మధ్యాన్నం దాకా పాఠం లేదహో! హాస్టలుకు నీళ్ల బండి రాలేదు, ఎవురి చెంబు వాళ్లు తెచ్చుకోవాలహో!" చివర్న మాత్రం ఆయన ఏ చాటింపు వేసినా ఒకే మాట. పిల్లా జెల్లా, ముసలీ ముతకా, ఒక్కరు మిగలకుండా రావాల, రానోళ్లకు జుల్మానా అని. వాళ్ల తాత కాలం నుంచి వచ్చిన మాట, అది లేకపోతే దండోరా పూర్తి కాదని ఆయన పట్టు. రోజూ వినే ఆదోనోళ్లు దాన్ని పట్టించుకునేవాళ్లు కాదు.

ఇంక చూడండి, ఊరికి కాలేజీ సంగతులన్నీ నోటికి వచ్చేసినాయి. గోడౌను ముందర హుసేనమ్మ అని బొరుగుల ఉగ్గానీ, బజ్జీలు అమ్ముతా ఉండె. ఎవుడన్నా పిల్లోడు టీ తాగుతా కనపడితే ఊరుకునేది కాదు. ఏం నాయనా, నీ కెమిస్ట్రీ మిద్దె మీద మొదలై ఎంతసేపయ్యింది, ఈడ బజ్జీలు లెక్క పెడతాండావా అని నలుగురిలో కడిగేసేది. మంగలి అంగడిలో, సంత బండ్ల కాడ, ఆడోళ్లు నీళ్లు పట్టే కాడ అదే ముచ్చట. దేవకి మాత్రం కొంగు నిండుగా కప్పుకొని, గోడ పక్కనే నడిచి, చివరి బెంచీలో కూచొని వచ్చేది.

కాలేజీకి ఒక్క ఏడాదికే పర్మిషను ఇచ్చి ఉండిరి. యూనివర్సిటీ పెద్దలు వచ్చి చూడాల, పిల్లోళ్లు నిండుగా కనపడితేనే ముందుకు సాగేది. వాళ్లు జాతర దాటినాక వస్తామన్నారు. అందుకని ఎమ్మిగనూరు జాతరకు కాలేజీ మూసి సెలవు ఇచ్చినారు. పిల్లోళ్లందరూ బస్సు మీద కొందరు, ఎద్దుల బండ్ల మీద కొందరు జాతరకు పోయినారు. వాళ్లే కాదు, సగం ఆదోని పోయింది. హుసేనమ్మ బాణలి కూడా పోయింది. గిడ్డయ్య తేరు ముందర తప్పెట కొట్టేదానికి పోయినాడు. జాతరలో తిరిగితే నలుగురూ చూస్తారని దేవకిని మాత్రం వాళ్ల నాయన రావద్దన్నాడు.

తేరు రోజు పొద్దున్నే యూనివర్సిటీ నుంచి తంతి వచ్చింది. జాతర అయ్యేదాకా ఆగలేము, రేపు పది గంటలకు వస్తాండాము అని.

సేతుమాధవరావు ఆ కాగితం పట్టుకొని భీమాబాయి ఇంటికి పరిగెత్తుకొచ్చినాడు. ఊళ్లో మిగిలిన విద్యార్థి ఆ పిల్ల ఒక్కతే మరి. ఆయన గుమ్మం కాడనే నిలబడి, ఒక్క పిల్లను చూపించి కాలేజీ అని ఎట్లా అంటానమ్మా అన్నాడు. దేవకికి వాళ్ల నాయన పెట్టిన షరతు గుర్తుకొచ్చింది. రేపటితో చదువు అయిపోతాది, పెట్టె సర్దుకొని ఇంటికి పోవడమే. ఆ పిల్ల చెప్పులు తొడుక్కొని, అత్తా నువ్వు కూడా రా, ఎమ్మిగనూరు పోదాం అంది. భీమాబాయి వద్దనలేదు. ఆమె జాతరకు పోలేదని పొద్దున నుంచి లోపల లోపల గొణుక్కుంటానే ఉండె.

బస్సుల్లో కాలు పెట్టే సందు లేదు. పత్తి తెచ్చేదానికి ఖాళీగా పోతా ఉండిన లారీ ఒకటి ఆపి, అత్తా కోడలూ డ్రైవరు పక్కన ఎక్కినారు, ప్రిన్సిపాలు వెనక ఎక్కినాడు. ఆయన దిగేటప్పటికి తల నుంచి కాలి దాకా పత్తి దూది అంటుకొని ఉన్ని గొర్రెపిల్ల లాగా ఉండె. భీమాబాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

వాళ్లు చేరేటప్పటికి తేరు కదిలింది. జనం అంటే జనం, తలల మీద నడిచి పోవచ్చు. ఆ జనంలో ఒక్కో పిల్లోణ్ణి వెతకాలంటే జాతర అయిపోతాది. దేవకి అత్త చెయ్యి పట్టుకొని తేరు ముందరికి తోసుకుంటా పోయి గిడ్డయ్యను పట్టుకుంది. సంగతి చెప్పి కాలేజీ దరువు వెయ్యమంది. గిడ్డయ్య కొట్టడం ఆపకుండానే తల అడ్డంగా ఊపినాడు. ఆయన గొంతు పొద్దున నుంచి అరిచి అరిచి పూర్తిగా పోయింది, ఈల వేసినట్టు గాలి ఒక్కటే వస్తాంది. ఆ గాలితోనే ఆమె చెవి కాడ గుసగుసగా చెప్పినాడు.

"దరువు మార్చకూడదు అమ్మణ్ణీ. మోకులు లాగేవాళ్ల చేతులు దీని మీదనే ఉంటాయి. మారిస్తే ఒక పక్క లాగుతారు, ఒక పక్క వదిలేస్తారు. తేరు మనుషుల మీదికి వస్తాది."

ఆ మాట నిజం. ఆ పిల్లకు కళ్ల నిండా నీళ్లు వచ్చినాయి. గిడ్డయ్య అది చూసి ముందుకు గడ్డం ఎత్తి చూపించినాడు. మలుపు కాడ చక్రాల కింద మొద్దులు వేసి తేరును ఆపుతారు. అప్పుడు తప్పెట్లు కూడా ఆపుతారు. ఆ కాసేపట్లో దరువు వేస్తాను, గొంతు మాత్రం నువ్వు తెచ్చుకో అన్నాడు.

దేవకి ప్రిన్సిపాలు కోసం వెనక్కి చూసింది. ఆయన జనంలో ఇరుక్కుపోయి, దూది తల ఒక్కటి యాడనో దూరంగా కనపడతాంది. తేరు మలుపు కాడికి రానే వచ్చింది. మొద్దులు పడినాయి. తప్పెట్లు ఆగినాయి. అంత జాతరా ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు అయిపోయింది. అప్పుడే ఆ పిల్ల చూసింది, మలుపు అరుగు మీద పట్టు పంచె కట్టుకొని వాళ్ల నాయన నిలబడి ఉన్నాడు. ఆమెనే చూస్తాండాడు.

గిడ్డయ్య దరువు వేసినాడు. రెండు చిన్న దెబ్బలు, ఒక ఆపు, గుర్రం పరుగు. జనంలో అక్కడక్కడా తలలు చటుక్కున ఇటు తిరిగినాయి.

దేవకి నోరు తెరిచింది. దండోరా అంటే ఆ పిల్లకు తెలిసింది గిడ్డయ్య దండోరా ఒక్కటే. రోజూ విని విని చెవుల్లో ఉన్నది ఉన్నట్టే బయటికి వచ్చేసింది. "వినండహో! రేపు పది గంటలకు ఆదోని కాలేజీకి పెద్దలు వస్తాండారహో! పిల్లా జెల్లా, ముసలీ ముతకా, ఒక్కరు మిగలకుండా రావాలహో! రానోళ్లకు జుల్మానాహో!"

భీమసేనరావు అరుగు దిగి జనాన్ని తోసుకుంటా వస్తాండాడు. భీమాబాయి కోడలి ముందరికి వచ్చి అడ్డం నిలబడింది. ఆయన దగ్గరికి వచ్చినాడు, చెల్లెల్ని పక్కకు జరిపినాడు. దేవకి తల దించుకుంది.

"గొంతు ఇంకా పైకెత్తు," అన్నాడు. "తేరుకు అవతలి పక్క వాళ్లకు ఒక్క ముక్క వినపడలేదు."

ఆ పిల్ల తలెత్తి మళ్లీ చెప్పింది. ఈసారి తేరు మీది పూజారి కూడా తొంగి చూసినాడు.

మరుసటి రోజు తెల్లారేటప్పటికి ఎమ్మిగనూరు దారంతా దుమ్మే. బస్సులు, లారీలు, బండ్లు, బండి వెనక నడిచేవాళ్లు. పిల్లోళ్లు అందరూ వచ్చినారు. పిల్లోళ్లే వస్తే ఏముంది, ముసలీ ముతకా అన్నది కదా, వాళ్లు కూడా వచ్చినారు. జాతరకు పోయిన ఆదోనోళ్లు వేడుక చూద్దామని వచ్చినారు, ఆదోనితో ఏమీ పని లేని కోడుమూరోళ్లు కూడా వచ్చినారు. కొత్తగా విన్నోళ్లకు దండోరా అంటే సర్కారు మాట, కాదని ఇంట్లో కూచునే ధైర్యం ఎవురికి ఉంది? గోడౌను నిండిపోయింది. బెంచీల మీద పిల్లోళ్లు, వాళ్ల వెనక తలపాగాలు, గోడ పొడుగునా చంకలో పిల్లల్ని ఎత్తుకున్న ఆడోళ్లు.

దేవకి అది చూసి తలపట్టుకుంది. తన నోటి నుంచి వచ్చిన మాటకు కాలేజీ సంత అయిపోయింది. పెద్దలు ఇది చూసి నవ్వి తలుపులు మూయించి పోతారు, అంతా తన వల్లనే అనుకుంది. ముందరి రాత్రి నుంచి పొంగుతా ఉండిన ఉత్సాహం ఒక్కసారిగా నీరుగారిపోయింది.

జీపు దిగి ఇద్దరు పెద్దలు వచ్చినారు. బండ్లు అడ్డం ఉంటే కొంత దూరం నడిచే వచ్చినారు. వాళ్లల్లో పెద్దాయన లోపలికి అడుగు పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. ఒక తలపాగా ముసలాయనను, మీరు ఏ క్లాసు అని అడిగినాడు.

"తెలీదు సామీ. దండోరా వేసినారు, వచ్చినాము. జుల్మానా వేయొద్దండి."

సేతుమాధవరావు అబద్ధం ఆడే మనిషి కాదు. ముందర కూచున్నవాళ్లే మా పిల్లలు, మిగతావాళ్లు ఊరు అని ఉన్నదున్నట్టు చెప్పేసినాడు. దండోరా వేసిందెవురు అని పెద్దాయన అడిగినాడు. దేవకి లేచి, నేనేనండి, తప్పు నాదేనండి అంది. ఏమని వేసినావో చెప్పు అన్నాడాయన. ఆ పిల్ల చెప్పింది. జుల్మానా కాడికి వచ్చేటప్పటికి ఆయనకు నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, ఇటు తిరిగి జనాన్ని అడిగినాడు, ఈ కాలేజీ మూసేస్తే మీకు ఏమి నష్టం అని.

వెనక నుంచి హుసేనమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటా ముందరికి వచ్చింది.

"కాలేజీ లేకపోతే మా ఊరు లేచేది ఎట్లా సామీ? గిడ్డయ్య తప్పెట విని, ఏ పాఠం యాడో తెలుసుకొని గానీ మేము పొయ్యి ముట్టించము. మీరు మూసేస్తే ఈ మగపిల్లోళ్లను నేను ఏమని తిట్టాల?"

గోడౌను అంతా గొల్లుమంది. పెద్దాయన బెంచీ చివర కూచొని, పక్కనున్న ఆయనతో ఇంగ్లీషులో ఏదో చెప్పినాడు. తర్వాత లేచి, కాగితం తర్వాత వస్తాది, మాట ఇప్పుడే ఇస్తాండాను, కాలేజీ ఉంటాది అన్నాడు. ఇల్లు కట్టుకోండి ముందర అని కూడా అన్నాడు. ఆ మాటకు జనం అరిచిన అరుపులకు గోడౌను రేకుల మీద పావురాలన్నీ ఒక్కసారే లేచిపోయినాయి.

జనం కరిగిపోయినాక దేవకి చివరి బెంచీ కాడికి పోయింది. ఆడనే వాళ్ల నాయన కూచొని ఉన్నాడు. దండోరా విన్నవాళ్లందరూ రావాలన్నావు, నేనూ విన్నాను కదా అన్నాడు. లేచి, పంచె దులుపుకొని, సేతుమాధవరావు దగ్గరికి పోయి చేతులు కట్టుకొని నిలబడినాడు.

"అయ్యా, నాకు ఇంకో ఆడపిల్ల ఉంది. వచ్చే ఏడు ఎస్సెల్సీ. దానికి కూడా ఒక చోటు ఉంచండి," అని అడిగినాడు.

అదీ కథ. మీరు పెద్దయినాక ఏ ఊళ్లో కాలేజీ చూసినా దేవకిని తలచుకోండి. మీ పిల్లోళ్లను ఇట్లానే పక్కన కూచోబెట్టుకొని చెప్పండి. గిడ్డయ్య దరువు మాత్రం మరిచిపోకుండా చేత్తో కొట్టి చూపించండి.