ముద్ర పడేదాకా ఆగిన కథ

నేను ఒక రబ్బరు స్టాంపును. నా ఒంటి మీద ఉన్నవి రెండే మాటలు: ‘విచారణ పూర్తయింది’. అవీ తిరగేసి ఉంటాయి. కాగితానికి మొహం ఆనిస్తే తప్ప నా మాట ఎవరికీ అర్థం కాదు. పాలకొల్లు బస్టాండు పక్కన చిన్న కొట్టులో పుట్టాను. నాతోటి స్టాంపులు బ్యాంకులకూ కాలేజీలకూ దర్జాగా పోతుంటే, నన్ను పిల్లల లైబ్రరీకి పంపారు. బొమ్మల పుస్తకాల మధ్య నాకేం పని, నా ఖర్మ కాకపోతే అనుకున్నాను.

పనేమిటో లైబ్రేరియన్ సరోజిని గారు చెప్పారు. పిల్లలకు కథలు చెప్పడానికో, బొమ్మలు నేర్పడానికో ఏ పెద్దమనిషి వచ్చినా ముందు పోలీసు విచారణ కాగితం తేవాలి. దాని మీద నేను పడాలి. ఆ తర్వాతే పిల్లల గదిలో అడుగు పెట్టాలి. ఇది కమిటీ కొత్తగా పెట్టిన నియమం. మొదటి వారంలోనే ఇస్త్రీ చొక్కా ఆయన ఒకడు వచ్చి, తియ్యతియ్యగా మాట్లాడి, కాగితం అనేసరికి "రేపు తెస్తానండి" అని వెళ్ళాడు. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. నా విలువ నాకు అప్పుడు తెలిసింది.

చిక్కంతా ముత్యాలరావు గారితో వచ్చింది. ఆయన రిటైరైన పోస్ట్‌మాన్. నాలుగేళ్ళుగా ప్రతి సాయంత్రం ఇక్కడ కథలు చెబుతున్నాడు. నియమం వచ్చిన రోజుకి ఆయన కథలో రాకుమారుడు పాడుబావిలో పడి ఉన్నాడు; కథ అక్కడే ఆగిపోయింది.

"నలభై ఏళ్ళు ఈ ఊరి ఉత్తరాలు మోసానండి మేడంగారూ. ఒక్కరు వేలెత్తి చూపించలేదు. ఇప్పుడు నా గురించి పోలీసోళ్ళు అడగాలా?" అన్నాడు.

"మీకోసం సడలిస్తే, రేపు ఇంకెవడో మీ పేరు చెప్పుకుని వస్తాడు బాబాయిగారూ" అన్నారు సరోజిని గారు.

మొహం ముడుచుకునే దరఖాస్తు పెట్టాడు. భార్య పోయిన మనిషికి ఆ సాయంత్రాలే మిగిలిన సందడి. అవి కూడా పోతాయేమోనని ఆయన బెంగ. సిగ్గుపడి వీధిలో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. కొంప ముంచింది అదే.

విచారణకు కానిస్టేబుల్ ఏసుపాదం మామూలు బట్టల్లో వెళ్ళాడట. ఆ వీధిలో ఇడ్లీలు వేసే మంగతాయారును "ముత్యాలరావు గారు ఎలాంటి మనిషండి? అలవాట్లేంటి?" అని అడిగాడట. మనవైపు అలా అడిగేది పెళ్ళిసంబంధం వాళ్ళే కదా! ఆవిడ చెంగు సర్దుకుంది.

"బంగారం లాంటి మనిషండి! వయసెంతనీ, యాభై నాలుగు. సొంతిల్లు. చెడ్డలవాటు ఒక్కటి లేదు. ఆలస్యం చెయ్యకండి మరి!"

ఆయనకు అరవై మూడు. ఉండేది అద్దె ఇల్లు. పాపం, ముసలాయనకో తోడు దొరుకుతుందని ఆవిడ తాపత్రయం. రిపోర్టు రానే వచ్చింది. దరఖాస్తులోని వయసూ, ఇంటి వివరాలూ సరిపోలేదు. నేను డబ్బాలోనే ఉండిపోయాను.

ముత్యాలరావు గారు రిపోర్టు చూసి, "చూశారా, ఆఖరికి అబద్ధాలకోరుని చేశారు నన్ను. నాకు సరే, మీకెవరు వేశారండీ ఈ ముద్ర?" అన్నాడు.

సరోజిని గారు ఫైలు తెరిచి, అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం ఆయన ముందుంచారు. దాని మీద ఆవిడ పేరు, కింద నేను. కమిటీ అధ్యక్షులు వేసిన నా మొట్టమొదటి ముద్ర అది. సిరా ఎక్కువై కాస్త అలుక్కుపోయింది కూడా. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివాడు.

"ఆ కానిస్టేబుల్‌ని మళ్ళీ రమ్మనండి" అన్నాడు.

ఈసారి ఏసుపాదం యూనిఫాంలో వెళ్ళాడు. మంగతాయారు నాలిక్కరుచుకుని ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆఖర్న అతను, "మీ మనవరాల్ని ఆయన దగ్గర కూర్చోబెడతారా?" అని అడిగాడు.

"ప్రతి ఆదివారం ఆయన అరుగు మీదే కథలు వింటదండి. ఎదురుగా నేనూ కూర్చునే ఉంటాను. ఏంటలా కాపలా కాస్తున్నావని ఆయన ఏనాడూ అనలేదు. నాకూ ఓ పీట వేస్తాడు."

ఏసుపాదం ఆ మాటలు పొల్లు పోకుండా రిపోర్టులో రాశాడు. సరోజిని గారు పైకి చదువుతుంటే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ముద్ర నేనే వేసుకుంటానని ముత్యాలరావు గారు ముచ్చటపడ్డాడు గానీ, ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు, తనే వేశారు.

ఇప్పుడు నా అక్షరాలు అరిగి చదవడానికి వీల్లేకుండా పోయాయి. నా పనికి కొత్త స్టాంపు వచ్చింది. నన్ను పిల్లలు ఆడుకోవడానికి తీసుకున్నారు. నిన్న లైబ్రరీ పిల్లి వీపు మీద కూడా వేశారు. ఇంత బతుకూ బతికి పిల్లికి ముద్రనయ్యాను, కానివ్వండి. అప్పట్లో ముత్యాలరావు గారు కథ మళ్ళీ అందుకున్న సాయంత్రం మాత్రం నేను బల్ల మీదే ఉన్నాను. ఒక పాప లేచి, "తాతా, రాకుమారుడు ఇరవై మూడు రోజులు బావిలోనే ఎందుకున్నాడు? ఎవరూ తాడు వెయ్యలేదా?" అని అడిగింది.

ఆయన నావైపు ఒకసారి చూసి నవ్వాడు.

"ఎందుకు వెయ్యలేదమ్మా, మొదటి రోజే వేశారు. ఆ తాడు వేసినోడు ఎవడో, ఎలాంటోడో కనుక్కున్నాకే రాకుమారుడు పట్టుకున్నాడు."