మొహం తీసేసిన బొమ్మ

రెండేళ్ళుగా నేను మొహం లేని ఒక ఆడమనిషితో కాపురం చేస్తున్నాను. ఆవిడది దక్షిణాఫ్రికా. యాభై ఏళ్ళ కిందట అక్కడి నల్లవాళ్ళ పేటలో ఎవరో నేలమీద పరిచే లినోలియం ముక్కను చెక్కి, సిరా పూసి, కాగితం మీద అద్దిన బొమ్మ అది. రేకుల ఇళ్ళ వరస, వెనక ఒక కొండ, నెత్తిన మూటతో మనవైపే నడిచొస్తున్న మనిషి. ఒంటిమీద గౌను, కాళ్ళకి చెప్పుల్లేవు. మొహం ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా, ఖాళీగా ఉంటుంది. చెక్కిన మనిషి ఎవరో కూడా తెలీదు.

నా పేరు దయామణి. గుడివాడలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. పదకొండేళ్ళుగా ప్రతి జూన్ నెలా మళ్ళీ తీసుకుంటారో లేదో అని ఎదురుచూడడమే నా వేసవి సెలవులు. పీహెచ్‌డీ వస్తే ఆ అవస్థ తప్పుతుందని ఆశ. దక్షిణాఫ్రికా బొమ్మల్ని అక్కడి సమాజంలో పెట్టి చదవడం నా పరిశోధన. అందులో ముఖ్యమైన అధ్యాయమంతా ఈవిడ మీదే. వర్ణవివక్ష ప్రభుత్వం నల్లవాళ్ళని మనుషులుగా చూడలేదు, వాళ్ళ మొహాల్ని చెరిపేసింది, బొమ్మలోని ఈ ఖాళీ ఆ చెరిపివేతే అని ముప్ఫై ఎనిమిది పేజీలు రాశాను. నా గైడు బెంజమిన్ గారు చదివి "బావుంది" అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు. శుక్రవారం బందరులో జరిగే సెమినార్లో దాన్ని చదివి, పెద్దల ముందు నెగ్గితే థీసిస్ ఇచ్చెయ్యొచ్చన్నారు.

నాకొక జబ్బుంది. రైలెక్కితే కునుకు పడుతుంది, కునుకు పడితే ఆవిడ వస్తుంది. గుడివాడలో బందరు ప్యాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చున్నానంటే, గుడ్లవల్లేరు దాటేలోపు ఎదుటి సీట్లో ఆవిడ మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. బయట వరిచేలు వాటంతట అవే నలుపూ తెలుపూ అయిపోతాయి. కాలవ మీద గాలి ఆగిపోతుంది. కవుతరం వచ్చేసరికి ఆ బొమ్మలోని కొండ కూడా చేల చివర లేస్తుంది. దివిసీమలో పుట్టినదాన్ని, ఈ డెల్టాలో కొండన్నది లేదని నాకు తెలీదా? అయినా కనిపిస్తుంది. నేను పలకరిస్తాను, ఆవిడ పలకదు. పలకడానికి నోరేదీ పాపం అని జాలిపడి, మళ్ళీ కళ్ళు మూసుకుంటాను.

సెమినారుకి మూడు రోజుల ముందు, మంగళవారం మధ్యాహ్నం అలాగే కునికి, పెడనలో ఉలిక్కిపడి దిగాను. సెమినార్లో టీ విరామమప్పుడు వరండాలో కూర్చుని, అచ్చు ఎలా చెక్కుతారో చూపించే మనిషి కావాలన్నారు నిర్వాహకులు. లినోలియమైనా టేకైనా చెక్కి అద్దడం ఒకటే కదా అని పెడన పేరు చెప్పింది నేనే. నేను పిలవడానికి వెళ్ళిన శోభనాద్రి గారు కలంకారీ అద్దకానికి అచ్చులు చెక్కుతారు. డెబ్బై దగ్గరపడిన బక్కపల్చటి మనిషి, మాట కూడా అంతే పల్చన.

ఆయన పనిచేసే పాక వెనక పెద్ద రాగి గంగాళంలో గుడ్డలు ఉడుకుతున్నాయి. పటికతో అద్దిన పువ్వులు ఉడికేదాకా కంటికి కనిపించవు. వేడినీళ్ళలో ఎర్రరంగు పట్టాక ఒక్కొక్కటే బయటపడతాయి. నేను చూస్తుండగానే ఆవిరిలో ఒక తీగ, తీగకు పువ్వు, పువ్వు పక్కన చిలక పుట్టుకొచ్చాయి. చెక్క సుత్తి టకటక మోగుతోంది. గడపలో నిలబడే నాకు మళ్ళీ మగతగా అయింది. ఇంకాసేపుంటే ఆ గంగాళంలోంచి మా ఆవిడ మూటతో సహా లేచి వచ్చేదేమో.

బొమ్మను పెద్దది చేయించిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. శోభనాద్రి గారు కళ్ళజోడు తీసి, కాగితాన్ని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు.

"చెక్కినోడిది మంచి చెయ్యి. మొహం ఎందుకు తీసేశాడమ్మా?" అన్నారు.

"తియ్యలేదు బాబాయ్ గారూ. అసలు చెక్కలేదు. ఖాళీగా వదిలేశాడు."

ఆయన నవ్వారు. "వదిలేస్తే నల్లగా పడుద్ది కదమ్మా. చెక్కి తీసేసిందే తెల్లగా పడేది."

ముప్ఫై ఎనిమిది పేజీల్లో, నూట నాలుగు పుస్తకాల పట్టికలో, నాకు తట్టని సంగతి అది. చెవులు వేడెక్కాయి. సరే, ఖాళీగా ఉండాలనే మొత్తం తీసేశాడనుకోండి, తేడా ఏముంది అని గడుసుగా అడిగాను.

"ఆకాశం చూడండి. ఉలి ఒకటే వాటంగా పోయింది. ఏమీ లేని చోటయితే అట్టాగే తీస్తాం. మొహం కాడ అట్టా లేదు. చెవి వైపు నించి లోపలికొచ్చి ఆగింది. గడ్డం కాణ్ణించి పైకెళ్ళి ఆగింది. ఆగిన చోటల్లా నువ్వుగింజంత మరక పడింది చూడండి. ఇయ్యి రెండూ కళ్ళు. ఇది ముక్కు. ఇది నోరు." ఆయన గోరు కాగితం మీద ఆగి ఆగి కదిలింది. "ఇక్కడ మొహం ఉండేదమ్మా. దాన్ని నిలబెట్టడానికి చుట్టూ చెక్కిన గీతలియ్యి. ఆ తరవాత ఎప్పుడో మొహాన్ని కూడా తీసేశాడు."

"ఎవరు తీయించారు? పోలీసులా?" అన్నాను. నా అధ్యాయం బతకాలంటే పోలీసులే తీయించాలి.

"బలవంతాన తీసే చెయ్యి కసిగా దిగుద్దండి. ఇది పైపైనే, నొప్పి పుట్టకుండా తీసినట్టుంది. ఎవరో అడిగితే తీశాడు. ఆవిడే అడిగుంటది."

"మీకెలా తెలుసు?"

ఆయన కాగితం పక్కన పెట్టి లోపలికెళ్ళి, పాత తువ్వాలులో చుట్టిన అచ్చు ఒకటి తెచ్చారు. బిందె ఎత్తుకున్న ఆడమనిషి. జడగంటలు, చేతి గాజులు, చీరకుచ్చిళ్ళు, వెంట్రుకవాసి గీతలతో సహా అన్నీ ఉన్నాయి. మొహం చోట మాత్రం గుంట.

ఆయన చెప్పింది ఇది. ఇరవైఏడేళ్ళ కిందట చీరల ఆర్డరు ఒకటి వస్తే, కొంగుకి ఆడమనిషి బొమ్మ చెక్కుతూ, తెలిసో తెలియకో భార్య భాగ్యలక్ష్మి మొహం చెక్కేశారు. అందరూ మెచ్చుకున్నారు, చీరలు దేశం మీదకి వెళ్ళిపోయాయి. ఒకరోజు ఆవిడ బందరు బస్టాండులో బస్సు కోసం నిలబడితే, ఎవరో ఒకామె ఆ చీరే కట్టుకొచ్చి, కొంగు సిమెంటు బల్ల మీద పరుచుకుని దానిమీద చతికిలబడింది.

"ఇంటికొచ్చి రెండ్రోజులు మాట్లాడలా. మూడోనాడు, 'నా మొహం ఊరందరూ కట్టుకోడానికీ, కూర్చోడానికీ కాదయ్యా, తీసెయ్' అంది. ఎదురుగా కూర్చోబెట్టుకునే తీశాను."

ఆవిడ పోయి ఆరేళ్ళయింది. ఫోటో లేదా అని అడిగాను. పెళ్ళప్పటిది ఒకటి ఉందన్నారు. "అది పద్దెనిమిదేళ్ళ పిల్లమ్మా. నేను చెక్కింది నాతో బతికిన మనిషిని. ఆ మొహం ఎవరెవరి బీరువాల్లోనో ఉండుంటది. నాకాడే లేదు."

ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. లోపలంతా నున్నగా ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, "ఆవిడ సంగతి ఎక్కడా రానివ్వకండమ్మా. మొహమే వద్దన్న మనిషి" అన్నారు. రానివ్వనని మాటిచ్చాను.

తిరుగు రైల్లో కునుకు పట్టడానికి చేలు కూడా అక్కర్లేకపోయింది. ఆవిడ ఎదురుగా కూర్చుంది. బోగీలోకి పోలీసొకడు వచ్చి అందరి దగ్గరా పుస్తకాలు అడుగుతున్నాడు. ఆ రోజుల్లో దక్షిణాఫ్రికా పట్నాల్లో నల్లవాళ్ళు తిరగాలంటే ఆ పుస్తకం జేబులో ఉండి తీరాలి. అందులో ఫోటో ఉంటుంది. మలుపుకొకడు ఆపి, ఫోటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూస్తాడు. ఆ సంగతి నా పన్నెండో పేజీలో నేనే రాశాను. మొహం చెరిపేసిన ప్రభుత్వమా అది? మొహం కోసం వీధి వీధినా వెంటపడిన ప్రభుత్వం. అలాంటి చోట ఒక మనిషి, తనని ప్రేమగా చెక్కినవాడితోనే, నా మొహం ఈ కాగితం మీద కూడా వద్దు, తీసెయ్ అని ఉంటుంది. పోలీసు మా సీటు దాకా వచ్చాడు. ఆవిడ తలెత్తి ఆ తెల్లటి చోటుతో వాణ్ణి చూసింది. వాడు ఏం రాసుకోవాలో తెలీక పక్క బోగీలోకి వెళ్ళిపోయాడు. నేను నవ్వుతూ మెలకువలోకి వచ్చాను, గుడివాడ వచ్చేసింది.

రెండు రోజుల్లో అధ్యాయం తిరగరాశాను. జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ రాయలేదు. మొదట, పెడనలో అచ్చులు చెక్కే శోభనాద్రి గారు నాకు ఇది చూపించారని రాశాను. అది చదివితే పెద్దలు మొహం చిట్లిస్తారనిపించింది. ఆయనకెలా తెలుసని అడుగుతారు, భార్య సంగతి చెప్పాల్సొస్తుంది, మాటిచ్చాను కదా అని ఆ వాక్యం కొట్టేశాను. నేనాడిన అబద్ధాల్లో ఇంత చక్కగా అమరింది ఇంకోటి లేదు.

శుక్రవారం బందరు హాల్లో కిటికీలు తెరిచి ఉన్నాయి. సముద్రపు గాలికి నా కాగితాలు ఎగురుతుంటే నీళ్ళగ్లాసు బరువు పెట్టి చదివాను. గోడమీద ఆవిడ బొమ్మ నిలువెత్తున పడింది. నువ్వుగింజంత మరకలు చూపించినప్పుడు హాలంతా ఒక్కసారి ముందుకి వంగింది. ఆ వంగడం నాకెంత బావుందో చెప్పలేను. ఒంట్లో బరువంతా పోయి, నేల మీద లేనట్టు తేలిపోయాను.

చివర్లో బెంజమిన్ గారు లేచి ఇంగ్లీషులో అడిగారు. "ఇన్నేళ్ళుగా ఈ బొమ్మ మీద రాసినవాళ్ళెవరూ చూడని సంగతి ఇది. దీన్ని మొదట గమనించింది ఎవరు?"

ఆఖరి వరసలో శోభనాద్రి గారు కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఒళ్ళో ఉలుల సంచి. ఆయన పక్క కుర్చీలో, మూట ఒళ్ళో పెట్టుకుని, బొమ్మలోని ఆవిడ కూడా ఉంది. హాలంతా మసకగా, దూరంగా, వాళ్ళిద్దరే స్పష్టంగా కనిపించారు. ఒక్క పేరు చెప్తే చాలు. భార్య సంగతి ఎత్తక్కర్లేదు, ఎవరూ అడగరు కూడా.

"నేనే సార్. బాగా దగ్గరగా చూస్తే కనిపించింది" అని నేనూ ఇంగ్లీషులోనే అన్నాను.

చప్పట్లు మోగాయి. అందర్నీ చూసి శోభనాద్రి గారు కూడా కొట్టారు. ఈ నెలలోనే థీసిస్ ఇచ్చెయ్యమని బెంజమిన్ గారు నా చెయ్యి పట్టుకుని ఊపారు. పదకొండేళ్ళ జూన్ నెలలు ఆ ఒక్క ఊపుతో రాలిపోయాయి.

టీ విరామంలో శోభనాద్రి గారు జనాన్ని తప్పించుకుంటూ, చేతిలో టీ కప్పుతో నా దగ్గరికి వచ్చారు. నన్ను స్తంభం చాటుకి రమ్మని సైగ చేశారు.

"ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా. కానీ మీరు మాట్లాడినంతసేపూ గుండె దడే. ఎక్కడో నా పేరు తీస్తారు, అందరూ ఇటు తిరుగుతారు, నీకెట్టా తెలుసయ్యా అంటారు, ఆవిడ సంగతి నా నోటితో చెప్పాల్సొచ్చుద్ది అని." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఒక్కళ్ళు కూడా తిరగలా. మాట నిలబెట్టుకున్నారు తల్లీ. ఎంత జాగర్తగా చెప్పుంటారో."

టీ కప్పు పిట్టగోడ మీద పెట్టి, తండ్రి వయసు మనిషి, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు.

నేను ఆ దణ్ణం తీసుకున్నాను. "టీ చల్లారిపోతుంది, తాగండి బాబాయ్ గారూ" అన్నాను.