మేజోళ్ళు తొడిగిన సీసాలు

భోజనాల బల్ల మీద ఐదు వైన్ సీసాలు మేజోళ్ళు తొడుక్కుని నిలబడ్డాయి. పేరు కనబడకుండా రుచి చూడాలంటే కాగితం చుట్టినా సరిపోతుంది. కానీ ఆ ఇంట్లో మొదటినుంచీ మేజోళ్ళే. అవి ఉతికినవేనని ఇల్లాలు వచ్చినవాళ్ళకల్లా ముందే ఒట్టేసి చెబుతుంది.

ఇంటాయన కారు నడపడం నేర్పే మాస్టారు. పక్క సీట్లో కూర్చుని ఊళ్ళో సగం మందిని తిట్టి దారిలో పెట్టిన మనిషి. అలాంటి ఆయనకూ ఒక బలహీనత ఉంది. ఏటా కారు షెడ్డులో ద్రాక్షపళ్ళు తొక్కి, పీపాలో పోసి, స్వయంగా వైన్ చేస్తాడు. అది తాగినవాళ్ళ ముఖాలు చూడాలి! అయినా "అబ్బ, ఎంత బాగుందో" అనేవాళ్ళే అందరూ. ఇల్లాలు కళ్ళు మూసుకుని మింగేది. కూతురు మొదటి గుక్క తాగి, మిగతాది పూలకుండీకి సమర్పించేది. ఆ కుండీలో ఎన్ని మొక్కలు మారాయో ఆయన ఎన్నడూ అడగలేదు.

ఆ కూతురి ముద్దుపేరు హారన్. పుట్టగానే వీధంతా అదిరేలా ఏడ్చిందని తండ్రి పెట్టిన పేరు. ఇవాళ మాత్రం హారన్‌కి నోరు పెగలడం లేదు. తను పెళ్ళాడాలనుకున్నవాడు మొదటిసారి ఇంటికి భోజనానికి వచ్చాడు. వైన్ల కంపెనీలో రుచి చూసి మంచిచెడ్డలు చెప్పడమే అతని ఉద్యోగం. మామూలుగా వెన్నలాంటి మనిషే గానీ, గ్లాసు చేతికొస్తే మొహమాటం మరిచిపోతాడు. తండ్రి పీపాకి వంకపెట్టినవాడికి ఆ ఇంటి పిల్లనివ్వడం కల్ల అని హారన్ భయం.

అందుకే గుమ్మంలోనే అతని చెవిలో ఊదింది.

"ఆకుపచ్చ మేజోట్లో ఉన్నది నాన్న చేసిన వైన్. ఆయన తొడుగుతుంటే కళ్ళారా చూశాను. నీకు దణ్ణం పెడతాను, దాన్ని కాస్త పొగుడు."

"అబద్ధం చెప్పమంటావా?"

"ఒకే ఒక్కటి. మళ్ళీ జన్మలో అడగను."

కాల్చిన కోడి, ఉడికిన బంగాళాదుంపలు వడ్డించారు. అతను గోధుమరంగు మేజోట్లోది బాగుందన్నాడు, నీలందాంట్లోది ఫరవాలేదన్నాడు. ఆకుపచ్చది గుక్కెడు తాగి, అనుమానంగా హారన్ వైపు చూశాడు. ఆమె బల్ల కింద అతని కాలు తొక్కింది.

"ఆహా! ఇది చేసినవాళ్ళ చేతులు కళ్ళకద్దుకోవాలండీ!" అన్నాడు.

హారన్ మరీ అంత పొగడమనలేదు. ఇల్లాలికి పొలమారింది. మాస్టారు రొట్టె ముక్క తుంచుకుంటూ "అలాగా" అన్నాడు.

గండం గడిచిందనుకుని అతను ధీమాగా బూడిదరంగు మేజోడు అందుకున్నాడు. వాసన చూసి ముఖం చిట్లించాడు.

"పండు మంచిదే, ఓపిగ్గా ఏరి తెచ్చారు. పీపా సరిగ్గా కడగలేదు పాపం. మూత వదులై గాలి తగిలి, వెనిగర్‌లా పులిసిపోయింది. ఇప్పుడిది ఆకుకూర మీద చల్లుకోవడానికి పనికొస్తుంది."

మాస్టారు ఆకుపచ్చ మేజోడు లాగాడు. లోపల, ఇల్లాలు మాంసం వండేటప్పుడు పోసే చవక వైన్. బూడిదరంగుది లాగాడు. ఆ సీసాకి పేరూ లేదు, ఊరూ లేదు.

"అదేంటి నాన్నా, నువ్వు ఆకుపచ్చది..." అని హారన్ నాలుక కరుచుకుంది.

"నువ్వు చూస్తున్నావని నేనూ చూశానే, గోడ అద్దంలో. ఇన్నేళ్ళుగా అద్దంలో వెనక ఎవరున్నారో చూసుకుంటూ బతికినవాణ్ణి. నువ్వటు తిరగ్గానే మేజోళ్ళు మార్చేశాను."

ఆయన గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఏటా ఎక్కడో తప్పు చేస్తున్నానని నాకు తెలుసు. ఎక్కడో చెప్పే నాథుడు లేడు. మీ ప్రేమతో చంపుకు తిన్నారు నన్ను."

"నేను ఎప్పటినుంచో ఆకుకూరలో చల్లుతూనే ఉన్నాను" అంది ఇల్లాలు. "మీరే మారు వడ్డించుకునేవారు."

అతను చెవులు ఎర్రబడి లేచి నిలబడ్డాడు. "క్షమించండి మాస్టారూ. ఆకుపచ్చదాని గురించి చెప్పింది అబద్ధం."

"అది మా పిల్ల కోసం చెప్పావు. రెండోది నిజం. కూర్చో." ఆయన ముందుకి వంగి గొంతు తగ్గించాడు. "పీపా దేంతో కడగాలంటావ్?"

"సలసల కాగే నీళ్ళు పోసి..."

"చెబితే నాకెక్కదు. పద, చూపించు."

ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. కోడి చల్లారింది. బకెట్ల చప్పుడు మొదలైంది. ఇల్లాలు గోధుమరంగు మేజోడు వంచి రెండు గ్లాసులు నింపింది.

"పెళ్ళి మాట ఎత్తాడా?"

"ఎక్కడమ్మా? పీపాలో తల పెట్టి ఉంటాడు."

అంతలో షెడ్డులోంచి, పక్క సీట్లోంచి అరిచే ఆ గొంతే వినబడింది. "అలా కాదు అల్లుడూ, మెల్లగా తిప్పు, మెల్లగా!"

హారన్ కళ్ళు నిండాయి. ఇప్పుడు ఏడిస్తే వీధంతా వినబడుతుందని, గబగబా ఓ గుక్క మింగేసింది.