సడక్ మీద పడుగు

మగ్గానికి ఎక్కించే ముందు పడుగును బారుగా సాగదీసి గంజి పట్టించడానికి గద్వాల సాలెవాడ వాళ్ళకు ఒక్కటే ఖాళీ జాగా ఉండేది. పోయినేడు ఊరి పెత్తనం చేసే సర్కారు అధికారి దారోగా దాని చుట్టూ కంచె వేయించి గులాబీ తోట పెట్టించాడు. నేతగాళ్ళు నోరు మూసుకుని పడుగులను వీధిలో సాగదీసుకున్నారు. ఇప్పుడు ఆ వీధి కూడా కంకర పరిచిన సడక్ అయింది. "రేపు దారోగా సాబు వచ్చి రిబ్బను కత్తిరిస్తడు, సడక్ మీద ఒక్క పోగు కనపడొద్దు" అని దండోరా వేయించాడు.

ఈశ్వరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తెల్లారేసరికి భర్త కురుమూర్తిని లేపి, వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టించింది.

ఎండ ఎక్కకముందే టాంగా వచ్చి పడుగు ముందర ఆగింది. దారోగా కత్తెర పట్టుకునే దిగాడు.

"ఎవరిదిది? తీసెయ్!"

కురుమూర్తి చేతులు జోడించాడు. "తడి మీద తీస్తే పోగులన్నీ అంటుకపోతయి సాబ్. జర ఆరనీయుండ్రి."

"దండోరా వినలేదా?"

"ఇన్నం," అంది ఈశ్వరమ్మ భర్తను పక్కకు నెట్టి. "తోటల పరుస్తమంటే పూలు కరాబైతయంటిరి. ఈడ పరిస్తే సడక్ కరాబైతదంటిరి. ఇంగ మా నెత్తి మీద పర్సుకోమంటరా?"

దారోగా కళ్ళెర్రజేశాడు. "తీస్తావా, తీయవా?"

"నేను తియ్య. కత్తెర మీ చేతులనే ఉంది గద సాబ్. గా రిబ్బను తర్వాత, ముందుగాల మా పడుగు కత్తిరించుండ్రి. ఎవ్వల కడుపు కొట్టి సడక్ ఏసిర్రో ఊరంత సూస్తది."