దొరసాని కునుకు

మధ్యాహ్నం భోజనమయ్యాక దొరసాని డోనా లియొకాడియా మంచమ్మీద వాలి, తల రుఫీనా ఒళ్ళో పెట్టి, "కానీయవే" అంది. కానీయడమంటే ఆ జుట్టులో వేళ్ళు దూర్చి, గోళ్ళతో మెల్లగా గీరుతూ, ఆవిడకి కునుకు పట్టేదాకా నిమరడం. కాఫీ తోటల ఊరు వసూరాస్‌లో గొప్పింటి ఆడవాళ్ళెవరికీ అది లేనిదే తిన్నది అరగదు. ఇరవై రెండేళ్ళుగా రుఫీనా చేస్తున్నదదే. వంట పనే, ఇస్త్రీ పనే, కాఫీ పళ్ళు కోయడమూ పనే. ఇది మాత్రం ఊరికే కూర్చోవడం. "నీకేమే, నీడపట్టున కూర్చుంటావు" అని మొగుడు జెఫెరీనో కూడా దెప్పేవాడు.

బానిసత్వం రద్దయి ఇవాళ్టికి పది రోజులు. రాజధానిలో రాకుమారి సంతకం పెట్టిందట, రెండే రెండు వాక్యాల చట్టమట. చర్చి గంటలు మోగాయి, తారాజువ్వలు లేచాయి. జెఫెరీనో మూడు రోజులు డప్పుల దగ్గర ఎగిరెగిరి, నాలుగో రోజు ఇల్లు చేరి, మాసిన చొక్కా విప్పి రుఫీనా మీదకి విసిరాడు. "ఉతికి పెట్టవే. ఇక మనం ఒకరి కింద లేం, శుభ్రంగా కనపడాలి." మనం అంటే ఎవరో! చట్టం ఎవర్ని విడిపించిందో గానీ చొక్కాలూ, దొరసాని తలా ఆమెకే మిగిలాయి. ఒళ్ళు మండిపోయింది. అయినా ఉతికింది. ఉతికినందుకు ఇంకా మండింది.

"నిన్న చెప్పాగా, సాయంత్రం దొరగారు కోర్టు గుమాస్తాని వెంటబెట్టుకొస్తున్నారే," అంది దొరసాని కళ్ళు మూసుకునే. "అనాథల జడ్జి దగ్గర్నించి కాయితం. మీ బల్బీనాని ఇరవై ఒకటి నిండేదాకా మాకు అప్పగించినట్టు. నువ్వో అడ్డగీతా నిలువుగీతా గీస్తే చాలు."

"నేను బతికే ఉన్నాను కదమ్మా. అది అనాథెట్లా అవుతుంది?"

"అబ్బో, ప్లీడరువైపోయావే! కాయితంలో అలాగే రాస్తారు. నువ్వెక్కడికి పోతావో పో, నిన్నెవరాపారు? పిల్లని మాత్రం నా కూతుర్లా చూసుకుంటా. దాని వేళ్ళు చూశావా, వెన్నముద్దలు. నీవి మొద్దుబారుతున్నాయి."

కూతురట! కన్నకూతురు పక్కగదిలో పియానో నేర్చుకుంటోంది. ఈ కూతురు తొమ్మిదేళ్ళకే మంచం పక్కన నేలమీద కూర్చుని, తల్లి వేళ్ళ వంక చూసి చూసి తల నిమరడం నేర్చుకుంటోంది. పొద్దున్న జెఫెరీనోకి చెబితే, "గీత గీస్తే నీ సొమ్మేం పోయింది? దానికి తిండికి లోటుండదు, మనకీ గుడిసె నిలుస్తుంది," అన్నాడు. పోయేది పిల్ల అని అతనికి తట్టనే లేదు. ఎవరికని చెప్పాలి, ఎన్నిసార్లని చెప్పాలి!

"ఆపావేం?" అంది దొరసాని.

"లేదమ్మా."

చెవి వెనక ఎక్కడ గీరితే ఆవిడ మాట ముద్దవుతుందో, మెడ దగ్గర ఎక్కడ నొక్కితే దవడ జారుతుందో రుఫీనాకి తెలుసు. ఇన్నాళ్ళూ గంట దాటకుండా చూసుకునేది; ఎక్కువసేపు పడుకుంటే ఆవిడ చిరాగ్గా లేచి, అందినవాళ్ళని కొట్టేది. ఇవాళ ఆ జాగ్రత్త అక్కర్లేదు. తనకి తెలిసిందంతా వేళ్ళలోకి తెచ్చుకుని, తొందరపడకుండా, ఎన్నడూ చేయనంత బాగా నిమిరింది. దొరసాని నోరు తెరుచుకుంది. రుఫీనా ఆ తలని ఒళ్ళోంచి దిండు మీదకి జార్చింది.

తన వంతు వచ్చిందనుకుని బల్బీనా లేచి ఆ జుట్టు మీదకి చెయ్యి చాపింది. రుఫీనా ఆ చేతిని మధ్యలోనే పట్టుకుంది.

"వద్దు. పద, వాళ్ళు కాయితంతో వచ్చేలోగా రైలు అందుకోవాలి."

"నాన్న చొక్కా దండెం మీదే ఉందమ్మా, ఆరిపోయింది."

"ఉండనీ. చేతులున్నాయిగా, తీసుకుంటాడు."

పెరటి దారి వదిలి ఇద్దరూ వీధి గుమ్మంలోంచే దిగారు. గేటు దాకా దొరసాని గురక వినబడుతూనే ఉంది. రుఫీనా ఒక్కక్షణం ఆగి చెవి ఒగ్గింది.

"విన్నావా? నా వేళ్ళేం మొద్దుబారలేదు," అంది కూతురితో.