కాలిన ఇప్పపువ్వు

మూడు రోజులు తగలబడిన గుట్ట మీద, ఇప్పచెట్టు కింది బూడిదలో, బీటు ఆఫీసర్ అమర్ చేతికర్రకు మనిషి కాలి కడెం తగిలింది. వెండి కడెం. నల్లబడింది కాని, దాని మీది గీతలు చెదరలేదు. పక్కనే ఎముకలు.

అవి లంబాడీ తండాలోని గోరీ అనే ముసలమ్మవి. డెబ్బై ఏళ్ల మనిషి. మంట లేచిన రోజు పొద్దున్నే ఇప్పపువ్వు ఏరడానికి పోయి మళ్లీ రాలేదు. వెతకడానికి దారి ఉంటే కదా! మహదేవపూర్ అడవిలో ఆ రాతిగుట్టల మీదికి ఫైరింజన్ ఎక్కదు. పది మంది పచ్చికొమ్మలతో కొడుతుంటే మంట ఒక లోయ దాటి మరో లోయలోకి దూకింది.

మధ్యాహ్నానికల్లా గోరీ కొడుకు చత్రును జీపెక్కించారు. ఆ చెట్టు పువ్వు ఏటా ఏరుకునేది వాళ్ల ఇంటివాళ్లే. చెట్టు కింద ఆకు కాల్చింది చత్రే. ఆ నిప్పే అడవికి పాకింది, అందులోనే తల్లి పోయింది. కాగితం మీద కథ చక్కగా కుదిరింది. తండా మనిషి మీద ఏ కథయినా చక్కగానే కుదురుతుంది.

మర్నాడు రేంజ్ ఆఫీసులో పంచనామా. సాక్షి సంతకానికి రఘునాథ్ వచ్చాడు. మాజీ సర్పంచ్. ఆ గుట్టల మీద తునికాకు కాంట్రాక్టు ఇరవై ఏళ్లుగా ఆయనదే. గోరీ ఏటా ఆయన కల్లంలోనే ఆకుకట్టలు పోసేది.

"కన్నతల్లిని కాల్చుకున్నడు," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "వీళ్లకు ఎన్నిసార్లు చెప్పినా గింతే."

గోడవారగా కూర్చున్న చత్రు తలెత్తలేదు. "మా యాడికి, మా అమ్మకు, కొరివి పెట్టుకోనియ్యుండ్రి సారూ. తర్వాత ఏడికి రమ్మంటే ఆడికొస్త."

అప్పుడే అతని భార్య సోమ్లీ లోపలికి వచ్చింది. ఆమెను ఎవరూ పిలవలేదు. కొంగుముడి విప్పి బల్ల మీద గుమ్మరించింది. మిరియాల్లా మాడిన గింజలు.

"ఏందివి?" అన్నాడు అమర్.

"పువ్వు. మా చెట్టు కింద బూడిదల ఏరిన."

"అయితే?"

"మీరు అడవి ఆఫీసరా, బస్టాండు ఆఫీసరా సారూ? పువ్వు రాలంగ ఎవడన్న ఆకు కాలుస్తడా? అన్నం వండుకున్నంక కుండల నిప్పు పోసుకుంటమా?"

చదువరులకు ఒక మాట చెప్పాలి. పువ్వు ఏరేవాళ్లు మొదటి పువ్వు రాలక ముందే చెట్టు చుట్టూ ఊడ్చి, ఆకు కాల్చి, నిప్పు ఆరేదాకా అక్కడే నిలబడతారు. పువ్వు మొదలయ్యాక ఆ చెట్టు కింద బీడీ కూడా ముట్టించరు. అయితే గుట్ట మీద నిప్పుతో ఇంకొకరికీ పని ఉంది. తునికి పొదలు కాలితే మొదళ్ల నుంచి లేతాకు పొడుచుకొస్తుంది. బీడీకి కావలసింది ఆ ఆకే.

ఇది అమర్‌కు తెలియనిది కాదు. ఎనిమిదేళ్లలో ఆరు మంటలకు పంచనామాలు రాశాడు. ఆరింటిలోనూ తండా పేర్లే. పువ్వు కాలిందా అని ఒక్కసారీ కిందికి వంగి చూడలేదు.

రఘునాథ్ ఒక గింజను వేళ్ల మధ్య నలిపాడు. "గీపాటికి పువ్వు అయిపోవాలె గద," అని గొణిగాడు.

"ఈ ఏడు చలి పోలే. పువ్వు పది రోజులు ఎనకబడ్డది," అంది సోమ్లీ. ఆమె చూపు ఆయన మీదికి తిరిగింది. "నువ్వు పువ్వు ఏరవు గద పటేలా. అయిపోవుడు ఎందుకు చూస్తున్నవ్?"

అమర్ పంచనామా కాగితం రఘునాథ్ ముందుకు నెట్టాడు. దాని పక్కనే గోరీ కడెం ఉంది.

"సంతకం చెయ్యండి," అన్నాడు.

రఘునాథ్ పెన్ను మూత తీశాడు. కడెం వైపు చాలాసేపు చూశాడు. మూత మళ్లీ పెట్టాడు.

"చత్రును ఇంటికి పంపియ్యి అమర్. అగ్గి నేను పెట్టించిన. పువ్వు అయిపోయింది, గుట్ట మీద ఎవరుండరనుకున్న. ఇరవై ఏండ్ల సంది లేతాకు కోసం పెట్టిస్తనే ఉన్న. ప్రతిసారి మీరు తండాకు పోయి మనిషిని తెచ్చుకున్నరు, నేనొచ్చి సాక్షి సంతకం పెట్టిన. ఒక్కసారన్న మీరు నా దిక్కు చూసుంటే, గోరీ అవ్వ ఇయ్యాల పువ్వు ఏరుకుంటుండె."