వాల్ట్ తుపాకీకి వేసిన చిగురు

ముందు ఏం చూశారో చెప్పండి. బాగుందా లేదా అన్నది తర్వాత. బల్ల మీద పచ్చగుడ్డ పరిచి ఉంది, దాని మీద తుపాకీ ఉంది, పైన లైటు వెలుగుతోంది. కళ్ళు మీవే కదా, చెప్పండి.

ఎడారి ఊరు చాండ్లర్‌లో ఏసుపాదం షెడ్డుకి ఎవరు తుపాకీ పట్టుకొచ్చినా మొదట వినే మాట ఇదే. ఆయనకి డెబ్బై ఒకటి. ఇంటి వెనక షెడ్డులో ఒక లేత్ మిషను, ఒక బల్ల, గోడ నిండా ఆకురాళ్ళు. పొద్దున ఆరింటికి షెడ్డు తీస్తాడు, తొమ్మిదింటికి భార్య నవోమి టీ తెస్తుంది, పదింటికి బేరాలు మొదలవుతాయి. తుపాకీ తెచ్చినవాడు చూసింది చెప్పేదాకా ఆయన దాన్ని ముట్టుకోడు. చూడకుండా మాట్లాడేవాళ్ళంటే ఆయనకి ఒళ్ళు మంట.

ఆ ఫిబ్రవరి సోమవారం కౌశిక్ వచ్చాడు. చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. గ్రీన్ కార్డ్ వచ్చిన నెలలోనే వేట లైసెన్స్ తీసుకున్నాడు. ఇంకా ఒక్క కుందేలు కూడా వాడి చేతికి చిక్కలేదు.

"ఏం చూశావో చెప్పు బాబూ."

"ఓల్డ్ హంటింగ్ రైఫిల్ అంకుల్. గన్ షోలో తీసుకున్నా. రిస్టోర్ చేయిస్తే వర్తా కాదా, అంతే. యూట్యూబ్‌లో ఒకాయన ఏమన్నాడంటే..."

"యూట్యూబ్‌లో ఆయన్ని నేను అడగలా. నిన్ను అడిగా."

కౌశిక్ వంగి చూశాడు. "కొంచెం పొట్టిగా ఉంది."

"పొట్టిగా పుట్టలేదది. కోశారు. ఇంకా?"

"పెయింట్ వేశారు. పైన హోల్స్ ఉన్నాయి. ఇంక తెలీదంకుల్, నేను కోడ్ రాసుకునేవాణ్ణి."

ఏసుపాదం నవ్వి అప్పుడు చెయ్యి వేశాడు. భుజానికి ఆనించే మడమని నాలుగు వేళ్ళ మేర కోసేసి రబ్బరు ముక్క అంటించారు. గొట్టం చివర కోసి, అంచు నున్నగా కూడా చేయలేదు. చెక్క మొత్తం బురద రంగు, ఆకుపచ్చ రంగు మచ్చలు పులిమారు. స్కోపు బిగించడానికి ఇనుములో నాలుగు బెజ్జాలు కొట్టారు. కసాయివాడైనా ఇంతకంటే శ్రద్ధగా కోస్తాడు.

"ఏ దరిద్రుడు చేశాడో," అంటూ ఆ బెజ్జాల మీద బొటనవేలు పోనిచ్చాడు.

వేలు ఆగిపోయింది.

నాలుగు బెజ్జాలూ కుడివైపుకి ఒరిగి ఉన్నాయి. బెజ్జం కొట్టేముందు మొనదేలిన పంచ్‌తో చుక్క పెట్టాలి. ఎడమచేతివాటం ఉన్నవాడు బల్లకి కుడిచేతివాళ్ళు నిలబడే పక్కనే నిలబడి చుక్క పెడితే అది ఇలాగే ఒరుగుతుంది, నాలుగుసార్లూ ఒకేలా ఒరుగుతుంది. పదకొండేళ్ళు ఆయన ఇదే బల్ల దగ్గర ఒకడి మీద అరిచాడు: "ఒరే, చుక్క పెట్టేటప్పుడు ఆ పక్కకెళ్ళి నిలబడరా!" వాడు ఏనాడూ ఆ పక్కకి వెళ్ళలేదు.

ఆయన రబ్బరు ముక్కని జిగురు కరిగే మందుతో మెల్లగా ఊడదీశాడు. లోపల చెక్క కోసిన చోటు ఇంకా తడిగా ఉంది. వాల్‌నట్ చెక్క పచ్చివాసన గుప్పున కొట్టింది.

"ఇది వాల్ట్‌ది," అన్నాడు.

కౌశిక్‌కి ఏమీ అర్థం కాలేదు. "వాల్ట్ ఎవరంకుల్?"

వాల్ట్ ఎవరో చెప్పాలంటే ముప్పై నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళాలి. బాపట్ల పక్క ఊళ్ళో రైస్ మిల్లు ఫిట్టరుగా పనిచేసిన ఏసుపాదం ఈ ఎడారికి వచ్చిన కొత్తలో ఎవరూ పని ఇవ్వలేదు. సర్టిఫికెట్ చూసి నవ్వారు. రెండేళ్ళు గోడౌన్లు ఊడ్చాడు. ఊడ్చిన ఒక గోడౌన్ పక్కన తుపాకులు బాగుచేసే కొట్టు వాల్ట్‌ది. ఒకరోజు వాల్ట్ పిలిచి, పచ్చగుడ్డ మీద తుపాకీ పెట్టి, "ఏం చూశావో చెప్పు" అన్నాడు. ఏసుపాదానికి ఇంగ్లీషు రాదు. వేలితో ఒక్కొక్క లోపం చూపించాడు. ఏడు చూపించాడు. వాల్ట్‌కి తెలిసినవి ఐదే. మర్నాటి నుంచి ఆ బల్లకి రెండోవైపు ఏసుపాదం కుర్చీ పడింది. బల్ల, గుడ్డ, ఆ మాట, మూడూ వాల్ట్ ఇచ్చినవే.

వాల్ట్ సొంత వేట తుపాకీ ఇది. ప్రతి ఫిబ్రవరిలో దాని చెక్క చిగురు వేస్తుంది. వేట రోజులు వచ్చేలోగా ఇంట్లో ఎవరో ఒకరు కత్తిరించాలి. చిగురు మళ్ళీ వచ్చినప్పుడు, ఆ చెక్క మీద చివరిసారి కత్తి పెట్టిన మనిషి ఎక్కడుంటే అటు తిరుగుతుంది. వాల్ట్ కూతురు డయాన్ ఆరేళ్ళప్పుడు అమ్మ కత్తెరతో దొంగతనంగా తుంచి, నేను కాదని బొంకింది. మరుసటి ఏడు వసంతమంతా ఆ చిగురు వంటింట్లో ఆ పిల్ల ఎటెళ్తే అటే తిరిగింది. భోజనాల దగ్గర ఆ ముచ్చట చెప్పుకుని ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

ఎనిమిదేళ్ళ కిందట వాల్ట్‌కి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, కొట్టు మూసేశాడు. తుపాకీ తెచ్చి ఏసుపాదం చేతిలో పెట్టాడు. "ఇది డయాన్‌కి చేరాలి. అందాకా నీ దగ్గర ఉండనీ." ఆ ఏడే ఏసుపాదం అన్న చనిపోతే నలభై రోజులు బాపట్ల వెళ్ళాడు. షెడ్డు తాళం చెవి జూడ్‌కి ఇచ్చాడు. జూడ్ నవోమి అక్క కొడుకు. తన దగ్గరే పెట్టుకుని, అన్నం పెట్టి, పని నేర్పినవాడు. తిరిగొచ్చేసరికి తుపాకీ లేదు. దొంగలు ఎత్తుకెళ్ళారు బాబాయ్ అన్నాడు జూడ్.

ఏసుపాదం నమ్మాడు. నమ్మి, వాల్ట్ ఇంటికి వెళ్ళి, బైబిల్ మీద చెయ్యి వేసి అదే చెప్పాడు. వాల్ట్ ఒక్కటే అడిగాడు: "తాళం పగలలేదు కదా. చెవి నీ ఇంట్లోనే ఉంది కదా." తలుపు వేసుకున్నాడు. చనిపోయేదాకా ఆ తలుపు తెరవలేదు. సమాధి దగ్గర డయాన్ ఈయన్ని చూసి ముఖం తిప్పుకుంది. పని నేర్పిన దేవుడి ముందు ఏసుపాదం దొంగగా మిగిలాడు. ఎనిమిదేళ్ళు ఆ మాట మోశాడు. మోయడం ఆయనకి కొత్తేం కాదు, కానీ ఈ బరువు తనది కాదు.

కౌశిక్ ఇదంతా విని తల గోక్కున్నాడు. "అయితే ఇది మీదే అంకుల్. ఉంచేసుకోండి."

"నాది కాదు, డయాన్‌ది. అడిగావుగా, బాగుచేయచ్చో లేదో ముందు అది తేలాలి. వారం ఆగు."

ఆ వారం ఆయన గుడ్డతో, మందుతో పెయింట్ తుడిచాడు. ఆ పెయింట్ కింద ఎనిమిదేళ్ళుగా చిగురు వేసిన గుర్తే లేదు. బ్లేడు అంచు కూడా చెక్కకి తగలనివ్వలేదు. గురువారం సాయంత్రం కౌశిక్ ఆఫీస్ నుంచి వస్తూ తొంగిచూశాడు.

"మొక్క వచ్చింది అంకుల్."

"ఫిబ్రవరి కదా."

"అవును కదా," అన్నాడు కౌశిక్. ఫోన్‌లో మెసేజ్ చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక ఏసుపాదం జూడ్‌ని షెడ్డుకి పిలిచాడు. జూడ్ ఇప్పుడు సంఘ పెద్ద. ఆ పొద్దున నమ్మకత్వం మీద గంటసేపు ప్రసంగం చేసి వచ్చాడు. టై కూడా విప్పలేదు.

"ఏం చూశావో చెప్పరా."

జూడ్ బల్ల వైపు చూసి, గోడ వైపు చూశాడు. "ఎవరో పాడుచేశారు బాబాయ్. పాపం మంచి తుపాకీ."

"బెజ్జాలు చూడు."

"చూశాను."

"ఎటు ఒరిగాయి?"

జూడ్ ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి అర్థం కావడానికి ఆ జేబు చాలు.

"ఫ్రెండ్స్‌కి చూపిద్దామని వేటకి పట్టుకెళ్ళా బాబాయ్," అన్నాడు చివరికి. "రాయి మీద పడి మడమ చీలింది. గొట్టం చివర సొట్టపోయింది. నీకు తెలిస్తే చంపేస్తావని అంతవరకూ కోసేశా. కోశాక గుర్తుపడతారేమోనని స్కోపు పెట్టా, రంగు వేశా, అమ్మేశా. భయమేసింది."

"భయమేసిందా? వాల్ట్ తలుపు ముందు నిలబడ్డప్పుడు నాకేం వేసిందో అడగవేరా? పదకొండేళ్ళు నా కంచంలో తిన్నావు. బైబిల్ మీద నా చెయ్యి పెట్టించావు!"

ఆ పొద్దునే ఆకు విప్పిన మెత్తటి ఎర్రచిగురు పచ్చగుడ్డ మీద నిటారుగా ఉంది. ఏసుపాదం దాని వైపు చూపించాడు. "అదిగో, అదే చెబుతుంది. తిరగనీ నీ వైపు."

చిగురు కదిలింది. నిదానంగా, నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు తిరిగింది. జూడ్ ముఖం దాకా వచ్చింది. అక్కడ ఆగలేదు. జూడ్‌ని దాటి, గుమ్మం వైపు తిరిగి నిలబడింది.

గుమ్మంలో నవోమి ఉంది. చేతిలో మూడు టీ గ్లాసులున్న ట్రే.

నవోమి ట్రేని స్టూలు మీద పెట్టి, చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

"వీడు కోశాక చిగురొచ్చింది," అంది. "వీడు ఎటెళ్తే అటు తిరిగేది. వాల్ట్ చూస్తే పట్టేస్తాడు కదండీ. మీరు ఊరినుంచి వచ్చే ముందు వారం నేనే తుంచాను, ఆ తర్వాతే వీడు రంగు వేసి అమ్మాడు. పూలు కత్తిరించే కత్తెరతో."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎనిమిదేళ్ళు తెలుసా?"

"వాడి వీసా అప్పుడు మధ్యలో ఉందండీ. కేసు అంటే పంపించేస్తారు. అక్క పోయే ముందు వాణ్ణి నా చేతిలో పెట్టింది." ఆమె గొంతు వణకలేదు, అదే ఆయనకి ఎక్కువ కోసింది. "మీ పేరు పోయినా మీరు నిలబడతారు. వాడు నిలబడలేడు. అలా అనుకున్నాను."

ఏసుపాదం చాలా దెబ్బలు తిన్నాడు. రైస్ మిల్లులో పనిచేస్తూనే విడిగా గ్లాసు ఇస్తే తాగాడు. ఈ దేశంలో పేరు పలకలేక 'జో' అని పిలిస్తే పలికాడు. అవన్నీ పరాయివాళ్ళు కొట్టిన దెబ్బలు. నిలబడగలడు కదా అని తన మనిషే తన మీద బరువు పెట్టడం ఇదే మొదలు. ఎనిమిదేళ్ళు రాత్రి ప్రార్థనలో ఆయన "ప్రభువా, నా మీద పడిన నింద తీసెయ్యి" అన్నప్పుడల్లా పక్కనుంచి "ఆమేన్" అన్నది ఈవిడే.

"వెళ్ళండి ఇద్దరూ," అన్నాడు. టీ ముట్టుకోలేదు. జూడ్ ఏదో అనబోయాడు. ఏసుపాదం ఆకురాయి అందుకుంటే వాడు టై సర్దుకుంటూ పోయాడు.

సోమవారం డయాన్‌కి ఫోన్ చేశాడు. తుపాకీ దొరికింది అన్నాడు, అంతే. డయాన్, "శనివారం పదింటికి వస్తాను. చిగురు వేసిందా?" అని అడిగింది.

"వేసింది."

"అయితే కోసిందెవరో నేనే చూసుకుంటాను," అంది.

శనివారం తొమ్మిదింటికే కౌశిక్ వచ్చాడు. ఆత్రం పిల్లాడు. "చివరికి వర్తేనా అంకుల్? ఫైనల్‌గా చెప్పండి."

"గొట్టం కొత్తది వేయచ్చు. బెజ్జాలు పూడ్చి, నున్నగా చేసి, ఇనుముకి నీలం పూత ఎక్కిస్తే కనబడవు. మడమకి అదే జాతి చెక్క అతకచ్చు. నా చేతిలో పనే. కొత్తదానిలా చేస్తా."

"మరి చేసేద్దాం!"

"ముక్క అతకాలంటే చెక్క చివర చెక్కాలి. చిగురు తుంచాలి. చివరి కత్తి నాదవుతుంది బాబూ."

కౌశిక్ ఒక్క క్షణం ఆలోచించాడు. కోడ్ రాసుకునేవాడే కానీ మొద్దు కాదు. "అంటే ఇంక అది మీ వైపే తిరుగుతుంది."

"బతికినంతకాలం. ఏ ఫిబ్రవరి డయాన్ చూసినా, కోసింది ఏసుపాదమే."

"చేయకపోతే?"

ఏసుపాదం చిగురు వైపు చూశాడు. చేయకపోతే డయాన్ వస్తుంది, చిగురు వంటింటి వైపు తిరిగి ఉండడం చూస్తుంది, అటు నడుస్తుంది. ఆయన పేరు ఆయనకి తిరిగి వస్తుంది. ఎనిమిదేళ్ళు దాని కోసమే మోకాళ్ళూనాడు.

తొమ్మిదిన్నరకి నవోమి వచ్చింది. ఈసారి టీ లేదు. స్టూలు లాక్కుని, సరిగ్గా చిగురుకి ఎదురుగా కూర్చుంది. పూలు కత్తిరించే కత్తెర తెచ్చి పచ్చగుడ్డ మీద, ఆయన చేతికి అందేటట్టు పెట్టింది.

"నేను కదలనండీ," అంది. "మీరు ఏం చేసినా సరే."

ఆమె వేళ్ళు వణికితే చిగురు వణికింది. ఆమె దగ్గితే ఆకు కదిలింది. ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో ఆవిణ్ణి ఇంత శ్రద్ధగా తను ఎప్పుడైనా చూశాడా అని ఏసుపాదానికి అనిపించి, వెంటనే ఆ జాలి మీద కోపమొచ్చింది. క్షమించాడా అంటే లేదు. అన్నం పెట్టిన చెయ్యే అది, తుంచిన చెయ్యీ అదే.

వీధిలో ట్రక్కు ఆగిన చప్పుడైంది. తలుపు తీసిన చప్పుడైంది. కంకర మీద డయాన్ బూట్లు దగ్గరవుతున్నాయి. వాల్ట్ నడకే.

ఏసుపాదం కత్తెర అందుకున్నాడు. ఎర్రటి లేత ఆకు అంచు దాకా తీసుకెళ్ళి, రెండు అలుగుల మధ్య దాన్ని ఉంచి, ఆగాడు.

మొదటి నుంచీ మీరు ఇక్కడే ఉన్నారు, అన్నీ చూశారు. ఆ కత్తెర మీ చేతిలో ఉంటే, కోస్తారా?